గేటు దాకా గచ్చు

వాకిట్లో ఏం వేయించాలన్న దాని మీద నేను పెట్టుకున్నంత బెంగ నా పెళ్ళప్పుడు మా నాన్న కూడా పెట్టుకుని ఉండడు. గుమ్మం నుంచి గేటు దాకా ఇరవై అడుగులు ఉంటుందేమో. ఆ ఇరవై అడుగులే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. కారణం మా ఆయన. ఆయనకు పార్కిన్సన్స్ అని విజయవాడ డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. మందులతో చెయ్యి వణకడం కాస్త తగ్గింది గానీ నడక మారిపోయింది. రోజు మొత్తంలో ఆయన ఎవరి సాయమూ లేకుండా బయట చేసే పని ఒక్కటే, పొద్దున్నే గేటు దాకా వెళ్ళి పాల ప్యాకెట్లు తెచ్చుకోవడం. ఎక్కడ పడిపోయి ఆ ఒక్కటీ పోతుందోనని నా భయం.

తిరువూరులో మా ఇల్లున్న చోట నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. వాకిట్లో పరిచిన పాత నాపరాళ్ళు ఒకటి లేచి, ఒకటి కుంగి, కొన్ని పగిలిపోయాయి కూడా. వాటిని తీసేసి పేవర్లు, అంటే సిమెంటు బిళ్ళలు, పరిపించాలా, కాంక్రీటు పోయించాలా అన్నది తేలాలి. మేస్త్రి పేవర్లే మేలన్నాడు. కుంగిన చోట ఆ నాలుగు బిళ్ళలూ తీసి, ఇసుక పోసి మళ్ళీ పెట్టుకోవచ్చట, వాన నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయట. నేను తలూపి, ఎదురింటి వాళ్ళ వాకిలి చూసి వచ్చాను. రెండు వానాకాలాలకే వాళ్ళ పేవర్లు ఎగుడుదిగుడయ్యాయి. లేచిన ఒక అంచు మీదుగా ఆయనలా కాలు ఈడ్చి చూశాను. చెప్పు తట్టుకుంది. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అయినా ఆయన మాట కూడా విన్నట్టుంటుందని విజయవాడ రోడ్డులో ఉన్న పేవర్ల షాపుకి ఆటోలో తీసుకెళ్ళాను. షాపు ముందు నమూనాకని ఎరుపు ఒక వరస, బూడిదరంగు ఒక వరస అడ్డంగా పరిచి ఉన్నాయి. ఆయన వాటి మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచారు. ఇవే వేయిద్దామన్నారు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. రంగులు చూసి మోజుపడే వయసా మనదని అక్కడే చిన్నగా దులిపేశాను. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పిల్లల నోళ్ళు మూయించిన అలవాటు రిటైరైనా పోలేదు.

కాంక్రీటే పోయించాను. నాలుగడుగులకొక గాడి పెట్టకపోతే పగుళ్ళొస్తాయని మేస్త్రి బతిమాలాడు. ఆ గాడిలో ఆయన కాలు తట్టుకుంటుందని అదీ వద్దన్నాను. పగిలితే పగలనీ, మనిషి పడకపోతే చాలు అన్నాను. గోనెపట్టాలు పరిచి వారం పైనే తడిపాం. అన్నాళ్ళూ పాలు నేనే తెచ్చాను. పట్టాలు తీశాక చూస్తే గుమ్మం నుంచి గేటు దాకా ఒక్క గీత లేకుండా నున్నగా ఉంది. నా గుండె కాస్త కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే ఆయన బయల్దేరారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఏదో చూస్తున్నారనుకున్నాను. ఎంతకీ కదలరు. మోకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి, ఒళ్ళు ముందుకు వాలుతోంది, పాదాలు మాత్రం నేలకు అతుక్కుపోయాయి. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాను. ఇద్దరం పడబోయాం.

“లాగకు. నా కాలి ముందు ఒక గీత గియ్యి,” అన్నారు.

నాకు అర్థం కాలేదు. గోడ పక్కన పడున్న ఇటుక ముక్క తీసుకుని ఆయన పాదాల ముందు అడ్డంగా గీశాను. ఆయన ఆ గీత వంక చూసి, కాలెత్తి దాన్ని దాటారు. ఇంకొకటి గీశాను. అదీ దాటారు. అలా వంగి వెనక్కి జరుగుతూ నేను గీస్తుంటే ఆయన గేటు దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. మెట్ల మీద, పాత నాపరాళ్ళ మీద, షాపు ముందు ఆ వరసల మీద కాలు ఎందుకు లేచేదో అప్పుడు చెప్పారు. దాటడానికి ఏదో ఒకటి కంటికి కనబడాలి, ఖాళీ నేల మీద కాలు మాట వినదు. ఏడాదిగా ఇంతేనట.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. షాపులోనే ఈ ముక్క చెప్పి ఉండొచ్చుగా అని అడిగాను.

“చెబితే గేటు దాకా కూడా నన్ను ఒక్కణ్ణీ పోనివ్వవు,” అన్నారు.

ఏడాది కిందట తెలిసి ఉంటే గడప దాటనిచ్చేదాన్ని కాదు, అది ఇద్దరికీ తెలుసు. ఆయన చేతికి పాల ప్యాకెట్లిచ్చి, ఆ గీతల మీదుగా ఇంట్లోకి నడిపించాను. ఆ రోజే మేస్త్రికి ఫోన్ చేసి, గుమ్మం నుంచి గేటు దాకా అడుగుకొకటి చొప్పున తెల్ల పెయింటుతో గీతలు వేయించాను.

పెయింటు ఆరాక, తెల్లవారి ఆయన చెప్పులేసుకుంటుంటే నేను వెంట వెళ్ళలేదు. కిటికీలోంచి చూడనూ లేదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, వెలిగించడం మర్చిపోయి, గేటు గొళ్ళెం చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను.