నాగమ్మ గుండె కుదురుకున్న మధ్యాహ్నం

దయ్యాలు పనిలేనివాళ్లు పుట్టించినవని చిన్నప్పటి నుంచి వాదిస్తున్న మనిషిని నేను. ఎమ్మిగనూరులో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. పెద్ద బడాయికోరునని కూడా చెబుతారు. అదీ నిజమే. ఈ సంగతి మాత్రం వేరు.

పోయిన ఏడు నా భార్య నాగమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఆదోనిలో డాక్టరు గుండెకు స్కానింగ్ చేస్తూ ఆ చప్పుడు మాకూ వినిపించాడు. ఒక దెబ్బ, కాసేపు ఏమీ లేదు, మళ్లీ గబగబా రెండు మూడు. గుండె లయ తప్పిందని, బలమూ తగ్గిందని, అందులో గడ్డకట్టిన రక్తమే మెదడుకు పోయి అడ్డుపడిందని చెప్పాడు. గుండె కుదుటపడకపోతే చెయ్యి కోలుకోవడం కష్టమన్నాడు.

మేము నేతవాళ్లం. చప్పుడు వింటే మగ్గం గుంతలో కూర్చున్నది ఎవరో గోడవతల నుంచే చెప్పగలం. మా ఇంట్లో నాకంటే నాగమ్మదే మంచి చెయ్యి. ఆమె పడిపోయాక మగ్గం ఆపేసి, పోగును అటూ ఇటూ నడిపే నాడె తీసి గూట్లో పెట్టాను.

వేళకు మాత్రలు వేస్తున్నాను, చెయ్యి వంచి చాపిస్తున్నాను. ఒక్క వేలూ కదల్లేదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఆమె చీర ఉతుకుతుంటే లోపల మగ్గం ఆడింది. ఒక దెబ్బ, ఖాళీ, మళ్లీ గబగబా రెండు మూడు. తడి చీర చేతిలోంచి జారిపోయింది. ఆదోనిలో విన్న చప్పుడే అది.

పక్కింటి ఖాసింబీ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏమన్నా, అక్క అట్ల పండుకోనుంటే ఇప్పుడే మగ్గం కావాల్సొచ్చెనా నీకు? సిగ్గుండల్ల!"

"నేను ఈడుండా గదమ్మా!"

"మరి ఆడెవరు?"

అంతలో చప్పుడు కుదురుకుంది. దెబ్బకు దెబ్బ సమానం. అది నాగమ్మ చెయ్యి.

లోపలికి పరుగెత్తాను. చప్పుడు ఆగింది. గుంత ఖాళీ. నాడె గూట్లోనే ఉంది. నాగమ్మ మంచం మీద నిద్రపోతోంది. దుప్పటి మీద ఆమె కుడి చూపుడువేలు మెల్లగా ఆడుతోంది.

చీరంతా దానంతటదే నేసుకుందని, కొంగుకు బుటాలు కూడా పడ్డాయని వీధంతా చెప్పాను. అంత దూరం ఆస్పరి నుంచి సైతం మనుషులు వచ్చారు చూడటానికి. ఒప్పుకుంటున్నాను, ఒక్క పోగు కూడా పడలేదు. చప్పుడు మాత్రం నిజం. ఖాసింబీ సాక్షి.

మళ్లీ ఆదోని పోతే గుండె లయ కుదిరిందన్నాడు డాక్టరు. మందుల గుణం అన్నాడు. కాదనను. కానీ పళ్లు బిగబట్టి నాగమ్మ పడిన కష్టం నేను చూశాను. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తుంది. నూలు కండెలు చుడుతుంది. మా వీధిలో అట్లాంటి మనిషి ఇంకొకరు లేరు. ఇది బడాయి కాదు.

మొన్న కండె చుడుతూ తనే అంది:

"వీధిలో నువ్వు చెప్పేవన్నీ కోతలే. ఖాసింబీని గూడా నీ పక్క తిప్పుకుంటివి. ఆ పొద్దు నేసింది నువ్వే. మొదట్లో తప్పుతాంటే మంచంలోనే తిట్టుకుంటి. మళ్ల కుదిరె. పర్వాలేదు, ముసలోనికి ఇన్నాళ్లకు నేత వచ్చెనని నిద్రపోతిని."

ఆ నేత ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ కాపురానికి వచ్చినప్పటి నుంచి నా నేతను ఆమె మెచ్చుకోవడం అదే మొదలు. నేను కాదని ఎట్లా చెప్పేది?