ఎడమామె ప్లేటులో మా కందికాయ

నేను పనిచేసే వికారాబాద్ రిసార్టు కిచెన్‌లో నిన్న ఎడమామె చేశారు. జపాన్ వంటకం. పచ్చి సోయాకాయల్ని ఉప్పునీళ్లలో ఉడకబెట్టడమే.

"మస్తు ప్రోటీన్ రా! మీ ఊర్ల గిట్లాంటియి యాడుంటయ్?" అన్నాడు వంటమాస్టర్. మా అవ్వను తిట్టినట్టే అనిపించి ఒళ్లు మండింది.

తాండూరు దోస్తులూ, చలికాలం కందిచేను గట్టున కుండలో ఉడికిన కందికాయలు యాదికున్నాయా? కాయను పళ్ల మధ్య పెట్టి సర్రున గుంజితే గింజలు నోట్లోకి, తొక్క చేతిలోకి! చిన్నప్పుడు పుల్లలా ఉన్న నాకు బలానికి డబ్బా పొడి పాలల్లో కలిపి తాగించమని అందరూ అంటే, "నా మనుమనికి గీ కాయలే బలం" అని అవ్వ దోసిళ్లతో పెట్టేది. మాస్టరు చెప్పే ప్రోటీన్ అదే కదా! ఆ బలంతోనే ఇవాళ కిచెన్‌లో బస్తాలు మోస్తున్నాను.

మిగిలిన ఎడమామె ఒకటి గుంజి చూశాను. నిజం చెప్పాలి, అద్భుతంగా ఉంది. కోపం సగం దిగింది. జపాన్‌లోనూ మా అవ్వలాంటి ముసలామె ఉండే ఉంటుంది.

గుప్పెడు ఇంటికి తెచ్చి అవ్వ చేతిలో పోశాను. చిగుళ్లతో గుంజి చప్పరించింది.

"మంచిగున్నయ్ కొడుకా. ఎవలి చేన్లయి? జర ఉప్పు తక్కువేసిన్రు."