సందర్భం కుదరని పాట

ఇరాక్‌లోని బస్రా పక్కన, జుబైర్‌లో ఆడవాళ్ళ పెళ్ళి సంబరానికి మస్ఊదా డప్పు మోగకపోతే అది పెళ్ళే కాదు. ముప్పై ఏళ్ళుగా అదే మాట. పిలిచేది అందరూ, కూర్చోబెట్టేది మాత్రం చెప్పులు విడిచే చోట. మనిషి నలుపు మరి.

డాక్టర్ సాజిదా కూతురి పెళ్ళికీ ఆమెనే పిలిచారు. సాజిదాది నాడి పట్టే డాక్టరీ కాదు, జానపద పాటల మీద పుస్తకం రాసి తెచ్చుకున్నది. ఆమెకు ఆ పాత పాటే కావాలి.

“సాంబ్రాణి పట్టే మా బానిసోడు
బొగ్గును మించిన నల్లోడు!”

“ఆ పాట మానేశాను డాక్టరమ్మా. ఆ మాట నోటికి రాదు,” అంది మస్ఊదా.

“అయ్యో పిచ్చిదానా! తిట్టనుకున్నావా? ఏ మాటకైనా సందర్భం చూడాలే. పాటలో అది ముద్దు మాట. మీరంటే మాకెంత ప్రేమనీ!”

పావుగంట వివరించింది. మేనమామకు పుట్టింటి సంగతి చెప్పడమంటే ఇదే. మస్ఊదా ముత్తాతను కొన్నవాళ్ళు పిలిచిన పిలుపు అది.

మూడు వారాల కిందటి సందర్భం వేరు. మస్ఊదా కొడుకు నాజిమ్ బడిపంతులు. అదే బడిలో పాఠాలు చెప్పే రబాబ్, సాజిదా అన్న కూతురు. ఇద్దరూ ఇష్టపడ్డారు. పిల్లనడగడానికి మస్ఊదా వెళ్తే సాజిదాయే గుమ్మంలో నిలబడి, “బానిసోడికి మా పిల్లా?” అంది. టీ చుక్క కూడా పోయలేదు. ఆ రోజు నుంచి నాజిమ్ సరిగ్గా తినడం లేదు. తల్లికి కడుపు మండిపోతోంది.

“సరే, పాడతాను,” అంది.

హాలంతా చప్పట్లు. పాట చివర పెళ్ళికాని పిల్లల పేర్లు కలిపి దీవించడం డప్పు పట్టినావిడ హక్కు. మస్ఊదా గొంతెత్తింది.

“వచ్చే పెళ్ళి మా రబాబుది
చెయ్యి పట్టేది మా బానిసోడు
బొగ్గును మించిన నల్లోడు!”

చప్పట్లు ఆగిపోయాయి. వెనక వరసలోంచి నాలుకాడిస్తూ సంబరపు కేక ఒక్కటే లేచింది. అది రబాబ్‌ది.

సాజిదా ముఖం కందగడ్డయింది. “సిగ్గులేదూ! ఆ మాట మా పిల్ల పేరు పక్కన పెడతావా?”

“మాట మీదే డాక్టరమ్మా. నేను సందర్భం మార్చానంతే.”

రబాబ్ పట్టు విడవలేదు. ఏడాది తిరక్కముందే తండ్రి దిగొచ్చాడు. ఆ పెళ్ళిలో మస్ఊదా డప్పు ముట్టలేదు, పెళ్ళికొడుకు తల్లిగా ముందు వరస కుర్చీలో కూర్చుంది. ఆ ముద్దు పాట పాడించమని డాక్టరమ్మ ఎవరినీ అడగలేదు. సందర్భం కుదరలేదట.