ఫ్లోరక్క చెయ్యి

మా అక్క ఫ్లోరాకు పద్ధతులంటే పడేది కాదు. మా బావ హెర్బర్ట్‌కు పద్ధతులు తప్ప మరేమీ పట్టేది కాదు. ఏం చూసి ఈ ఇద్దరినీ జతచేశారని మెదక్‌లో వాళ్లకు పెళ్లి చేసిన పాస్టరుగారిని నిలదీయాలని నాకు చాలాసార్లు అనిపించింది. అడిగినా ఆయన ఏం చెబుతారు? పొద్దస్తమానం వాదులాడుకునేవాళ్లు, ఒకరిని విడిచి ఒకరు పూట గడిపేవాళ్లు కాదు.

నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో వాళ్లతోపాటు నేనూ ఉండేదాన్ని. నా పేరు బెత్సీ, మిషన్ బడిలో పంతులమ్మను. బావకు ఆబిడ్స్‌లో రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం. అక్క చర్చిలో హార్మోనియం వాయించేది. ఆమె వేళ్లు ఊరికే ఉండేవి కావు. బియ్యం ఏరుతూ కూడా చేట అంచు మీద దరువు వేసేది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. ప్రార్థన చేస్తామని చర్చి ఆడవాళ్లు వస్తే, "చెయ్యిన్రి, జర గట్టిగ చెయ్యిన్రి, దేవునికి చెవుడొచ్చినట్టుంది" అని నవ్వేది. వాళ్లు వెళ్లాక వంటింట్లో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

పోలీసు చర్య జరిగిన కొత్తలో వైర్‌లెస్ పెట్టె అంటేనే జనం హడలిపోయేవారు. ఆ గడబిడ సద్దుమణిగాక బావ లైసెన్సు తెచ్చుకున్నాడు. యుద్ధంలో వాడి పారేసిన మిలిటరీ పెట్టెలను పాతసామాన్ల వాళ్ల దగ్గర ఏరి, విప్పి, అతికించి మూడు చోట్ల పెట్టించాడు. ఒకటి మా ముందుగదిలో. రెండోది కాచిగూడలో, కాలేజీలో పాఠాలు చెప్పే విద్యాసాగర్ గారింట్లో. మూడోది మూసీకి దగ్గరగా, ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల గోదాము మీది గదిలో. ఆ గోదాము గుమాస్తా వెంకటేశం దాన్ని చూసుకునేవాడు. బావ మేనత్త పాత మూసీ వరదలో కొట్టుకుపోయిందట. "మల్ల వరదొస్తె తీగలన్ని తెగుతయ్. గప్పుడు మనమే దిక్కు" అనేవాడు. ఆ మాట మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం, బజార్లన్నీ బందున్న వేళ, నిజంగానే వరద వచ్చినట్టు ముగ్గురూ మూడు చోట్ల కూర్చుని అభ్యాసం చేసేవారు. నోటిమాటలు కావు, మీట నొక్కి టక్‌టక్‌మని పంపే కబుర్లు.

చూసీ చూసీ అక్క కూడా నేర్చేసుకుంది. బావకు నెలలు పట్టిన విద్య ఆమె వేళ్లకు ఇట్టే పట్టుబడింది. "మీట మీద ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరుంటది బెత్సీ. మీ అక్క చెయ్యి నేను నిద్రల సుత గుర్తుపడ్త" అని మురిసిపోయేవాడు.

పద్ధతులన్నీ బావవే. కబురులో ముందు 'ప్రాక్టీస్' అని పంపాలి. ఆ తర్వాత చోటు, జరిగింది, కావలసింది. అన్నిటికన్నా చివర ఆపదలో ఉన్నవాళ్ల పేరు. విన్నవాళ్లు 'అందింది' అని కొట్టకుండా కుర్చీలోంచి లేవకూడదు. దానికి మూడు నొక్కుల అక్షరం ఒక్కటి చాలు: పొట్టిది, పొడుగుది, పొట్టిది. నాకు వచ్చిన వైర్‌లెస్ విద్య అంతా అదే. ఇక ఆ మొదటి మాట ఎందుకంటే, ఒకసారి అది లేకుండా వెళ్లిన ఉత్తుత్తి వరద కబురును ఎవరో నిజమనుకున్నారు. పోలీసులు మా గడప తొక్కారు, లైసెన్సు పోయినంత పనైంది. ఆ కబురు పంపిన మహానుభావురాలు మా అక్కే.

ఆమె కబుర్లు అలా ఉండేవి మరి. మేకను వదిలి రానని ఇంటి కప్పెక్కి కూర్చున్న తాత, పేరు బాదుషా. మేడ మీద నొప్పులు పడుతున్న చూలాలు, పేరు మహారాణి. కాచిగూడలో విద్యాసాగర్ గారు పడీపడీ నవ్వేవారట. బావ తల పట్టుకునేవాడు.

యాభై నాలుగులో మా అక్కకు నిజంగానే నెల తప్పింది. ఇంట్లో అందరం గాలిలో తేలినట్టు తిరిగాం. బావ తెల్లవారుతూనే బిందెలు పట్టుకుని నల్లా దగ్గర ఆడవాళ్ల మధ్య నిలబడేవాడు. వాళ్లు మూతి బిగబట్టి నవ్వినా లెక్కచేసేవాడు కాదు.

ఏడో నెల నడుస్తుండగా ఒక ఆదివారం వెంకటేశం చుట్టాల పెళ్లికని ఊరెళ్లాడు. ఈ వారానికి మానుకోమన్నాను. "వరద పెండ్లిలు చూసి ఆగుతదా?" అన్నాడు బావ. తనే ఉస్మాన్‌గంజ్ వెళ్తానని, అక్కను ఇంట్లో కూర్చోమని చెప్పాడు. అక్క వినలేదు.

"గీడ కూసుంటె అందరికి పద్ధతులు చెప్పాలె, గది నాతోని కాదు. గాడైతే కప్పు మీదికి మేకలనెక్కించుకుంట ఖుషీగ ఉంట. గుంతలు లేని తొవ్వల రిక్షాల పోత, గంతే కద."

జర మెల్లగ పొమ్మని రిక్షా అబ్బికి బావ పదిసార్లు చెప్పాడు. సాయంత్రం వచ్చి మళ్లీ తీసుకురమ్మన్నాడు. ఆమె చెయ్యి ఊపుకుంటూ వెళ్లింది.

కాసేపటికి వాన పట్టుకుంది. నేను చాయ్ తెచ్చేసరికి మా పెట్టెలోంచి టక్‌టక్‌మని వస్తోంది, బావ మొహం చిట్లించుకుని రాస్తున్నాడు.

"ఏమైంది బావా?"

"మీ అక్క. ప్రాక్టీస్ అనలే. మల్ల గదే చూలాలు, గదే మేడ, రక్తం పోతున్నదట. చెయ్యి సుత సక్కగ లేదు, వంకరటింకర కొడుతున్నది."

అంటూనే, ఆమె కబురు ఇంకా పూర్తికాకుండానే, తన మీట నొక్కి అడ్డుపడ్డాడు. ప్రాక్టీస్ అనలేదు, ఆగు.

"జర మాఫ్ చెయ్యి బావా" అన్నాను.

"పోలీసులొస్తె నువ్వు మాఫ్ చేయిస్తవా?"

పద్ధతి తప్పినవాళ్లు వరుసలో వెనక్కి పోవాలి. అదీ ఆయన పెట్టిందే. ముందు విద్యాసాగర్ గారి కబురు తీసుకున్నాడు. ఆయనది ఎప్పుడూ చాటభారతం. మధ్యలో అక్క టక్‌మంది. 'ఆగు' అని కొట్టాడు. మళ్లీ టక్‌మంది. మళ్లీ 'ఆగు'. ఒకరు పంపుతుంటే ఇంకొకరు అడ్డం వస్తే ఎవరిదీ వినపడదు. అక్కకు అది తెలుసు. ఆగింది. బావ చాయ్ తాగాడు. ఆ చాయ్ నేనిచ్చిందే.

చివరికి ఆమె వంతు వచ్చింది. మొదటినుంచి నిదానంగా పంపమన్నాడు. ఆ చప్పుడు ఏమీ తెలియని నాకు కూడా చర్చిలో ఆమె వాయించే కీర్తనలా తీరుగా వినిపించింది.

"గిప్పుడు సుత ప్రాక్టీస్ అనలే" అన్నాడు బావ. "గని చెయ్యి జూడు, ఎంత సక్కగైందో."

రాసుకుంటూ పోయాడు. చూలాలు మెట్ల మీద జారిపడింది. రక్తం ఆగడం లేదు. మనుషులను పంపండి. పేరు. ఒక్కో అక్షరం రాస్తూ వచ్చిన పెన్సిల్ ఆగిపోయింది. కుర్చీ వెనక్కి పడింది. కాళ్లకు చెప్పులు కూడా లేకుండా ఆ వానలో ఉరికాడు. వెనకే నేను. కాగితం మీద పేరు ఫ్లోరా అని ఉంది.

కాచిగూడలో విద్యాసాగర్ గారూ ఆ పేరు విన్నారు. సైకిల్ మీద మాకన్నా ముందే చేరారు. బందైన బజారు, కుండపోత వాన, కింద మనిషి అన్నవాడు లేడు. మెట్లన్నిటి మీదా రక్తం ఉంది. అరిచి ఉంటుంది, ఎవరూ పలికి ఉండరు. అందుకే పాకుతూ మళ్లీ పైకెక్కింది. ఆమెకు మనుషులున్నది ఆ మీట అవతలే. మేం వెళ్లేసరికి బల్లకు ఆనుకుని పడి ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. గోనెసంచులు లాగే బండి మీద దవాఖానకు తీసుకెళ్లాం. కళ్లు తెరవలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

నారాయణగూడలో మట్టి చేసి వచ్చాక, నాలో ఉడికిందంతా బావ మీద కక్కేశాను. "నీ పద్ధతులే మింగినయ్ మా అక్కను. సచ్చేటామెను వరుసల నిలబెట్టినవ్" అన్నాను. మెల్లగా అనలేదు, గల్లీ అంతా వినేటట్టు అన్నాను. ఆయన కాదనలేదు.

"గదొక్కటే కాదు బెత్సీ" అన్నాడు. "అందింది అని కొట్టలే నేను. కొట్టకుంటనే ఉరికిన. తెలివి ఉన్నంతసేపు చెవులకు గవి పెట్టుకోని నా జవాబు కోసం జూసుంటది. నేనొస్తున్ననని తెల్వకనే పాయె."

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏడ్చాం.

ఇది యాభై ఆరు. నేను సికింద్రాబాదులో టీచర్ల హాస్టల్‌కు మారాను. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి బావకు ఇంత వండి పెడతాను, అక్క నాకు ఒప్పజెప్పి పోయిందన్నట్టు. కొత్తగా ఇంకొందరు చేరారు, అభ్యాసం నడుస్తూనే ఉంది. ప్రాక్టీస్ అన్నా అనకపోయినా, కబురు వచ్చిన చోటికి ముందు ఒక మనిషి బయలుదేరాలన్నది ఇప్పటి పద్ధతి. ఉస్మాన్‌గంజ్ గదిలో పెట్టె లేదు. వెంకటేశం అప్పుడే తీసి ఇచ్చేశాడు.

నా కోపం పోలేదు, పోదు. ఆదివారం ఆ వేళకు ఆయనకు చాయ్ ఇవ్వను. కానీ అందరూ మొదలుపెట్టే ముందు ఆయన ఒక్కడే మీట దగ్గర కూర్చుని ఉస్మాన్‌గంజ్‌ను పిలుస్తాడు. పొట్టిది, పొడుగుది, పొట్టిది. అది అయ్యేదాకా నేను వంటింట్లో గిన్నె చప్పుడు కానివ్వను.