తూకానికి తగ్గ పిల్లలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, డిగ్రీ చేతికొచ్చిన వాళ్లకు లోకాన్ని బాగుచేసే భారం తమదేననిపించేది (కనీసం ఉద్యోగం దొరికేదాకా). నాకు దొరికిన ఉద్యోగమే అది. హిందూపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నా భుజాన స్ప్రింగు త్రాసు వేలాడదీసి అగళి దగ్గర ఓ పల్లెకు పంపారు. పిల్లల్ని గుడ్డసంచిలో కూర్చోబెట్టి, తూచి, క్షేమంగా ఉన్నారో లేదో నివేదిక రాయాలి.

నాకన్నా ముందే ఊళ్లోకి పుకారు చేరింది: బక్కపిల్లల్ని పట్నం హాస్టలుకు పట్టుకుపోతారట! దాంతో పిల్లలంతా కడుపునిండా సంగటి తిని, పైన చెంబెడు నీళ్లు తాగి, మండుటెండలో స్వెట్టర్లు తొడుక్కుని వచ్చారు. (మొలతాళ్లకు ఇనుప తాళాలు కట్టారని తర్వాత తెలిసింది.) ఇంత పుష్టిగల ఊరు ఇంకోటి లేదని పొంగిపోతూ రాశాను. ఆఫీసులో శభాష్ అన్నారు.

మరుసటి నెల ఇంకో పుకారు: బక్కపిల్లలకు చెనిక్కాయ (వేరుశనగ) ఉండలు ఇస్తారట. ఈసారి అందరూ పరగడుపున, గోచీలతో దిగారు. ఊరు ఊరంతా నెల్లోనే చిక్కిపోయిందన్న నా నివేదిక చూసి, ఏ మాయరోగమో పాకిందని మా సారు డాక్టరును వెంటేసుకుని జీపులో వచ్చాడు.

"నీకసలు తూచడం తెలుసా అమ్మా?" అన్నాడు సారు అందరి ముందూ. ఉద్యోగం ఊడిందనుకున్నాను.

మనవణ్ణి చంకనేసుకున్న ఓ అవ్వ ముందుకొచ్చింది. "ఆ పాపనేం అనొద్దప్పా. మొదట బక్కోళ్లని పట్కపోతారంటిరి, లావు చేస్తిమి. మళ్లా ఉండలిస్తారంటిరి, బక్క చేస్తిమి. మీకు యా బరువు కావల్లో ముందే చెప్తే అట్లే పెట్టుకుంటాం గదా!"

డాక్టరు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుల మధ్య ఒక పిల్ల నా కంటపడింది. రెండుసార్లూ తూకానికి అదే గౌనుతో, ఎవరి తోడూ లేకుండా వచ్చింది. రెండుసార్లూ ఒకటే బరువు.

"ఏం తిన్నావే?" అన్నాను.

"యాడ తినేది? అమ్మ కూలికి పోయింది. మాపటికి వస్తాది."

డాక్టరు నవ్వాపి ఆ పిల్ల కళ్లూ గోళ్లూ చూశాడు. వాళ్లమ్మను పొలం నుంచి పిలిపించి, ఇద్దర్నీ జీపులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. నెలలు గడిచేకొద్దీ ఆ పిల్ల బుగ్గలు తేరుకున్నాయి. ఉండలు మాత్రం, అవ్వ పోరు పడలేక, ఊరందరికీ పంచాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను ఫ్యాను కింద కూర్చుని ఇతరుల నివేదికలు చదువుతాను. పిల్లలంతా బ్రహ్మాండంగా ఉన్నారని ఎవరైనా రాస్తే, "ఇంకోసారి పోయి, ఎవరి తోడూ లేకుండా వచ్చే పిల్లలున్నారేమో చూసి రండి" అంటాను. కొత్తగా చేరిన అమ్మాయిలు, ఈమెకు చాదస్తం ముదిరిందని గుసగుసలాడుకుంటారు. వాళ్ల వయసులో నేనైతే పైకే అనేసేదాన్ని.