ఆమె కుట్టిన కుర్దుల సూర్యుడు

నా భార్య పోయింది. మలేషియాలోని మా బంటింగ్‌లో ఆమె చేత జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళకు తెలుసు. దూరాన ఉన్నవాళ్ళకు ఇలా చెబుతున్నాను. పొద్దున టీ తాగి మిషను ముందు కూర్చుంది. లేవలేదు. గుండె అన్నారు.

ఈ మధ్య ఆమె ఒక జెండా కుట్టింది. పక్కింట్లో అద్దెకున్న కుర్దు అమ్మాయి ఇరాన్ నుంచి చదువుకు వచ్చింది. మార్చి ఇరవై ఒకటిన వాళ్ళ కొత్త సంవత్సరం, నౌరోజ్. ఆ రోజు వీడియో కాల్‌లో తల్లికి తమ జెండా చూపించాలని ఆశ. చిందిన రక్తానికి ఎరుపు, శాంతికి తెలుపు, నేలకు ఆకుపచ్చ, నడుమ పసుపు సూర్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, గెలిచిన దేశాలు కుర్దులకు సొంత దేశమిస్తామన్న మాట వట్టిదైపోయిన రోజుల్లో రూపుకట్టిన జెండా అట. 1946లో ఇరాన్‌లోని మహాబాద్‌లో వాళ్ళ రిపబ్లిక్ మీద ఎగిరింది. ఏడాది తిరగకుండానే రిపబ్లిక్ కూలింది, నాయకులను ఉరితీశారు. ఇప్పుడు ఇరాక్‌లోని కుర్దుల ప్రాంతంలో ప్రభుత్వ ఆఫీసుల మీద కూడా ఎగురుతుంది. ఈ అమ్మాయి ఊళ్ళో మాత్రం ఇంట్లో దొరికితే జైలు.

అది విన్నాక, గేటు దగ్గర ఏ బైకు ఆగినా లేచి చూసేవాణ్ని.

“పోలీసులొచ్చి అడిగితే ఏటి సెప్తావు?”

“గుడ్డ కుట్టినానని సెప్తాను. కాలేజీ సదివినోరు, మిగతాది మీరు సెప్పండి లా.” మాట చివర ఆ ‘లా’ ఇక్కడి మలేషియావాళ్ళ అలవాటు.

“నవ్వులాట కాదు. అక్కడ ఆ పిల్ల తల్లిని, ముసలమ్మని, పట్టుకుపోతే?”

ఆమె నవ్వు ఆపింది. “అదే అడిగినాను ఆ పిల్లని. వాళ్ళమ్మే సూపించమన్నాదంట.” దారం పంటితో తెంపింది.

సూర్యుడి దగ్గర పొరపాటు జరిగింది. ముగ్గు అచ్చులకు చేసినట్టే కాగితం సగానికి సగం మడత మీద మడత పెట్టి కత్తిరించింది. పదహారు కిరణాలు వచ్చాయి. గుడ్డ మీద కుట్టేశాక ఆ అమ్మాయి వేలితో లెక్కపెట్టి తల దించుకుంది. నౌరోజ్ తేదీలా ఇరవై ఒకటి ఉండాలట. ఎన్ని మడతలు వేసినా ఆ అంకె రాదు.

“మీ సూరీడు మొండోడే తల్లీ,” అంటూ కుట్టంతా విప్పింది. పళ్ళెం బోర్లించి, చుట్టూ టేపు పెట్టి ఇరవై ఒక్క గుర్తులు కొలిచి, మళ్ళీ మొదలుపెట్టింది. వెనకవైపు అంచులు కూడా మడిచి కుట్టింది. తన పనంతా అలాగే చేసేది. “తిరగేసి సూసేవోళ్ళూ ఉంటారు,” అనేది.

నౌరోజ్ సాయంత్రం ముగ్గురం ఫోను ముందు కూర్చున్నాం. జెండా విప్పగానే ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలో లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

ఆ తర్వాత రోజూ బట్టలు ఆరేస్తూ గోడ మీంచి ఆ అమ్మాయిని అడిగేది, తల్లి ఫోన్లో దొరికిందా అని. దొరకలేదు. మిషను మీద బట్ట ముందుకు జరిగేది కాదు. ఆ దిగులు తీరకుండానే పోయింది.

పెద్ద కర్మ అయిన మర్నాడు ఆ అమ్మాయి ఫోను పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. తెర మీద తల్లి. అక్కడ వాళ్ళ ఊరంతా ఇంటర్నెట్ ఆపేశారట, ఇప్పుడే వచ్చిందట. జెండా కుట్టినావిడ ఏదని అడుగుతోంది. కూతురు వాళ్ళ భాషలో ఏదో చెప్పి, ఫోనును మా ఆవిడ ఫొటో వైపు తిప్పింది.

ముసలావిడ చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్ళి, వీధిలోకి ఏమీ వినపడకుండా తన గది కిటికీ మూసింది. తలుపు గడియ పెట్టింది. తిరిగి వచ్చి కూర్చుని, అప్పుడు ఏడ్చింది.