నీళ్ళ అడుగున అసలు రంగు

మా మేనత్త పోయిందని మామయ్య ఫోన్ చేసేసరికి నేను షాంటిలీలో ఇండియన్ స్టోర్ ముందు కారు పార్క్ చేస్తున్నాను. "అత్త ఇంక లేదమ్మా," అన్నాడు. "నేను కాఫీ కలుపుకొచ్చేసరికి..." అని ఆపేశాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఆవిడది. తగ్గేది కాదని డాక్టర్లు ముందే చెప్పారు. మేమంతా సిద్ధంగానే ఉన్నామనుకున్నాం, కానీ ఎవరమూ లేము. కూరలు కొనకుండానే కారు వెనక్కి తిప్పి, నాలుగైదు గంటల దూరంలో వాళ్ళుండే మోరిస్‌విల్‌కు బయల్దేరాను.

మోరిస్‌విల్‌లో ఉండే మీలో కొందరు ఆవిడను చూసే ఉంటారు. తలా ఓ వంటకం పట్టుకొచ్చే పాట్‌లక్‌లకు పులిహోర తెచ్చి, ఓ పక్కన కూర్చుని, చుట్టూ చేరిన పిల్లలకు చేపల ఫొటోలు చూపించే ఆవిడే. దగ్గర్లోని రీసెర్చ్ పార్క్‌లో, ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసేది. నలభై దాటాక కౌంటీ పూల్‌లో చిన్నపిల్లలతో పాటు నీళ్ళలో తేలే పలక పట్టుకుని కాళ్ళు కొడుతూ ఈత నేర్చుకుంది. ఎవరో చెబితే ఒక వేసవిలో ఫ్లారిడా కీస్ దీవులకు వెళ్ళి, కళ్ళకు మాస్క్ పెట్టుకుని సముద్రంలో మొహం ముంచింది. "తల పైకెత్తాక ఇక్కడంతా బోసిగా కనిపించిందే," అనేది నాతో. ఆ తర్వాత ఏటా వెళ్ళాల్సిందే. నేను యూనివర్సిటీలో చేరిన ఏడాది నుంచి నన్నూ వెంటబెట్టుకుపోయేది. మామయ్యకు నీళ్ళంటే భయం. టోపీ పెట్టుకుని పడవలోనే కూర్చునేవాడు.

అప్పటికింకా ఫోన్లతోనే అన్ని ఫొటోలూ తీసే రోజులు రాలేదు. అత్త దగ్గర జేబులో పట్టే డిజిటల్ కెమెరా ఒకటి, అది నీళ్ళలో తడవకుండా ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉండేవి. మొదటిసారి తీసిన ఫొటోలన్నీ నీలంగా, ముద్దముద్దగా, మధ్యలో తెల్ల మచ్చలతో వచ్చాయట. ఇంకెవరైనా అయితే వదిలేసేవారు. ఆవిడ ల్యాబ్ మనిషి. ఎందుకలా వచ్చిందో తేలేదాకా ఊరుకోలేదు.

"ముందు ఫ్లాష్ ఆపెయ్యి," అని మొదలుపెట్టేది నాకు నేర్పేటప్పుడు. "నీళ్ళలో నలుసులుంటాయి. వాటిమీద లైట్ వేశావనుకో, నలుసులే దిగుతాయి ఫొటోలో. తర్వాత తెలుపు. తెలుపంటే ఏదో కెమెరాకు నువ్వే చూపించాలి. లేకపోతే దానికి తోచింది అది చెప్తుంది."

తెలుపు చూపించడానికి పెరుగు డబ్బా మూతకు దారం కట్టి మణికట్టుకు వేలాడదీసుకునేది. ఊపిరి బిగపట్టి కిందికి దిగి, కెమెరా ముందు ఆ మూత పెట్టి వైట్ బ్యాలెన్స్ బటన్ నొక్కేది. అప్పుడే ఫొటో. ఇంకాస్త లోతుకు వెళ్తే మళ్ళీ మూత, మళ్ళీ బటన్. లోతుకు వెళ్ళేకొద్దీ నీళ్ళు ముందుగా ఎరుపును తినేస్తాయి. "రెండు నిలువులు దిగితే నా బొట్టు కూడా మాసిన రంగే," అనేది. కెమెరాలో చేప బొమ్మతో ఒక మోడ్ ఉండేది. అది పెడితే ఎరుపు దానంతటదే వచ్చి కలుస్తుంది. అత్త దాన్ని ముట్టుకునేది కాదు. "అది జిలేబీలో రంగుపొడి," అని కొట్టిపారేసేది.

అంత శ్రమా ఎక్కువగా సముద్రం అడుగున బతికే ఒక పగడం కోసమే. నూతిగట్టంత గుండ్రంగా, మెదడులా మడతలు పడి, తేనె రంగులో ఉండేది. మడతల లోపల లేతాకుపచ్చ. ఏడాదికి వేలి మందం కూడా పెరగదట. మన తాతల తాతలు పుట్టకముందు నుంచీ అక్కడే ఉండి ఉంటుంది. అత్త దాన్ని 'పెద్దాయన' అనేది. పడవ ఆగగానే, "పద, పెద్దాయన్ని చూసొద్దాం," అని నీళ్ళలోకి దిగేది. ప్రతి ఏడాదీ అదే వైపు నుంచి, అవే సెట్టింగులతో ఒక ఫొటో.

ఒక వేసవిలో నీళ్ళు ఒళ్ళు వెచ్చబడేంత వేడెక్కాయి. మేం వెళ్ళేసరికి పెద్దాయన తెల్లగా ఉన్నాడు. మచ్చ లేని తెలుపు. అత్త మూడుసార్లు దిగి చూసి, పడవ నిచ్చెన పట్టుకుని చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయింది.

ఆ నెలలోనే ఇరుగుపొరుగు తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఎవరో అత్త కెమెరాను టీవీకి కనెక్ట్ చేశారు. ఆ ఫొటో రాగానే హాలంతా "అబ్బ!" అంది.

"ఎంత బాగుందండీ, మంచు శిల్పంలా," అన్నారొకరు.

"ఆంటీ, దట్ ఈజ్ సో ప్రెటీ! ఇది మాకు ఫార్వర్డ్ చేస్తారా?" అంది ఒకమ్మాయి.

అత్త లేచి నిలబడింది. "అది బాగుండడం కాదమ్మా. చచ్చిపోతోంది. వేడికి దాని లోపలుండే ప్రాణం బయటికెళ్ళిపోయింది. అది ఎముక."

ఇంటాయన మర్యాదగా, "పోనీ సెట్టింగ్ ఏదైనా మార్చి, కొంచెం కలర్ వచ్చేలా చేయొచ్చేమోనండీ," అన్నారు. అత్త కోప్పడలేదు. "చేయొచ్చండీ," అని టీవీ నుంచి వైరు తీసేసింది.

నీళ్ళు త్వరగా చల్లబడితే కొన్ని పగడాలు కోలుకుంటాయట. ఆ శీతాకాలమంతా అత్త ఆ ఒక్క మాట పట్టుకునే ఉంది. అప్పుడే దగ్గు మొదలైంది. పరీక్షలయ్యాక, ఇక ఈత వద్దు, మెట్లెక్కడం కూడా తగ్గించమన్నారు. ఎండలు ముదిరాక నాకు ఫోన్ చేసి, "నువ్వు దిగుతావా? నేను పడవలో ఉంటా," అంది. మామయ్య వద్దని చాలా చెప్పాడు. చివరికి ఆక్సిజన్ మెషీన్ వెనక సీట్లో పెట్టి, ఆగుతూ ఆగుతూ తనే డ్రైవ్ చేశాడు.

నేను పెరుగు మూత కట్టుకుని దిగాను. పగడం అక్కడే ఉంది. తేనె రంగు లేదు, తెలుపు కూడా లేదు. మడతల నిండా బూడిద రంగు నాచు పట్టి, ఒక పక్క పెచ్చు ఊడింది. నాకు నేర్పినట్టే మూత చూపించి, బటన్ నొక్కి, ఫొటో తీసి పైకొచ్చాను. అత్త ముక్కుకు ట్యూబుతోనే ముందుకు వంగి కెమెరా అందుకుంది. ఎండ పడకుండా స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మూత పైనే చూపించావా, అడుగుకు వెళ్ళాక చూపించావా?"

"అడుగునే అత్తా. దాని పక్కనే."

"ఫ్లాష్?"

"ఆఫ్‌లోనే ఉంది."

"మళ్ళీ వెళ్ళు. ఈసారి ఇంకో వైపు నుంచి తియ్యి. నీ నీడ పడిందేమో."

మళ్ళీ దిగాను. మళ్ళీ మూత, మళ్ళీ బటన్. ఇదీ అలాగే ఉంటుందని పైకి వచ్చేటప్పుడే నాకు తెలుసు. ఆవిడ రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. ఫొటోలో పడిన నా చేతిని పెద్దది చేసి, చర్మం రంగు సరిగ్గా వచ్చిందో లేదో చూసింది. మామయ్య ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు.

"సెట్టింగ్ సరిగ్గానే ఉంది," అంది అత్త.

కెమెరా ఆఫ్ చేసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఆ చలికాలం ఆవిడ మంచం దిగడం కూడా తగ్గిపోయింది. నేను వెళ్ళినప్పుడు పెద్దాయన మాట నేను తేలేదు, ఆవిడా తేలేదు. ఓసారి మాత్రం, "నువ్వు అబద్ధం రంగు తీసుకురాలేదే. అది చాలు," అంది. అది ఓదార్పో, దిగులో నాకిప్పటికీ తెలియదు. ఏ ఫొటో తీసినా, ముందు అక్కడి వెలుగు ఎలా ఉందో చూసే అలవాటు మాత్రం ఆవిడ పెట్టినదే.

ఇప్పుడు ఆవిడను తలుచుకుంటే మాత్రం, ఆ చివరిసారి పడవ తిరిగొచ్చిన సాయంత్రమే గుర్తొస్తుంది. రేవు దగ్గర చెక్కల వంతెన చివర కూర్చుని అత్త కాళ్ళు నీళ్ళలోకి వదిలింది. డాక్టర్ ఏమంటాడోనని మామయ్య గొణుగుతున్నాడు. నీళ్ళలో ఆవిడ పాదాలు ఉన్నదానికన్నా పెద్దవిగా, పాలిపోయి కనిపించాయి. వేలంత చేపపిల్లలు గుంపుగా వచ్చి వెండి మట్టెల చుట్టూ తిరగసాగాయి. ఒకటి బొటనవేలును ముక్కుతో పొడిచింది. అత్త ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటూ, కాళ్ళు కదపకుండా అలాగే కూర్చుంది. చీకటి పడి, నీళ్ళలో పాదాలు కనిపించకుండా పోయాక కూడా.